నాటకం ఆడిషన్‌కు వెళ్తున్నారా? ఇంట్లో అడగాల్సిన మాట నుంచి స్టేజీ మీద నిలబడే దాకా

సినిమా ఆడిషన్ గురించి చెప్పేవాళ్లు యూట్యూబ్ నిండా ఉన్నారు. నాటకం ఆడిషన్ గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ. అందులో మన ఇళ్ల పరిస్థితి, మన ఇళ్లలో మాట్లాడే భాష తెలిసి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. కాలేజీ స్కిట్‌లో చప్పట్లు కొట్టించుకున్న పిల్లవాడో పిల్లో "అబ్బా, నాటకంలో వేషానికి పిలిచారు, వెళ్లనా?" అని అడిగితే ఇంట్లో ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. అటు పెద్దలకూ ఇటు పిల్లలకూ పనికొచ్చే సంగతులు ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆడిషన్ అంటే పోటీ పరీక్ష కాదు. డైరెక్టర్ దగ్గర ఒక నాటకం ఉంటుంది, అందులో కొన్ని పాత్రలు ఉంటాయి, వాటికి మనుషులు కావాలి. వచ్చిన ప్రతివాళ్లూ ఆ మనిషే అయితే బాగుండునని ఆయన మనసులో అనుకుంటూనే ఉంటాడు, ఎందుకంటే దొరికితే ఆయన వెతుకులాట అక్కడితో తీరిపోతుంది. ఐదు పది నిమిషాల్లో ఆయన తేల్చుకోవాలనుకునేవి మూడే. ఈ గొంతు మైకు లేకుండా చివరి వరసకు వినబడుతుందా? చెప్పింది విని మార్చుకునే గుణం ఉందా? నెలా నెలన్నర రిహార్సల్స్‌కు రోజూ టైముకు వస్తారా? చాలామంది మొదటి రెండిటికే తయారై వెళ్తారు. మూడోదాని దగ్గరే మన పిల్లలు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం.

ఇంట్లో మాట ముందే తేల్చుకోండి

మన ఇళ్లలో సాధారణంగా జరిగేది ఇది. అమ్మాయి ఇంట్లో చెప్పకుండానో, సగం చెప్పో ఆడిషన్‌కు వెళ్తుంది. ఎంపిక అవుతుంది. రెండు వారాలు రిహార్సల్స్ నడుస్తాయి. ఒకరోజు రాత్రి తొమ్మిదిన్నరకు ఇంటికి చేరితే మామూయో చాచాయో చూస్తారు. గొడవ అవుతుంది. మర్నాటి నుంచి ఫోన్ స్విచ్ ఆఫ్. షో ఇంకో పది రోజులుందనగా డైరెక్టర్ కొత్త మనిషిని వెతుక్కోవాలి.

నష్టం ఆ ఒక్క అమ్మాయితో ఆగదు. తర్వాతి ఆడిషన్‌కు ఇంకో షాహీనో ఇంకో నస్రీనో వస్తే ఆ గ్రూపు వాళ్లు పైకి అనకపోయినా లోపల "వీళ్లింట్లో ఒప్పుకుంటారా, మధ్యలో మానేస్తుందా" అని లెక్క వేసుకుంటారు. వాళ్లు అలా అనుకోవడం న్యాయం కాదు. కానీ అనుకుంటారు. కాబట్టి ఎంపికయ్యాక ఇంట్లో చెబుదాం, అప్పుడైతే కాదనలేరు అనే ఎత్తుగడ వద్దు. "వద్దు" అనే మాట రావాల్సే ఉంటే ఆడిషన్‌కు ముందే రావడం అందరికీ మంచిది.

నాటకం ఆడవచ్చా లేదా అన్న మతపరమైన ప్రశ్నకు ఇది జవాబు చెప్పే చోటు కాదు. ఆ సందేహం ఉన్నవాళ్లు నమ్మకమున్న ఆలిమ్‌ను అడిగి, ఇంట్లో కూర్చుని తేల్చుకోవాలి. కానీ "మనవాళ్లెవరూ ఇలాంటివి చేయరు" అని ఎవరైనా అంటే మాత్రం అది నిజం కాదని చెప్పొచ్చు. పార్సీ థియేటర్ రోజుల్లో నాటకాలు రాసి పేరు తెచ్చుకున్నవారు ఆగా హషర్ కాశ్మీరీ. స్వాతంత్ర్యం తర్వాత హిందుస్తానీ నాటకానికి కొత్త దారి వేసిన హబీబ్ తన్వీర్, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను 1962 నుంచి 1977 దాకా నడిపిన ఇబ్రహీం అల్కాజీ మనకు తెలిసిన పేర్లే. మన హైదరాబాద్‌లో బబ్బన్ ఖాన్ 1965లో మొదలుపెట్టిన దక్నీ నాటకం 'అద్రక్ కే పంజే' దశాబ్దాల పాటు ఆడింది. దాన్ని చూసి నవ్వినవాళ్లు మీ ఇంటి పెద్దల్లోనే ఉండొచ్చు, ఒకసారి దాదాను అడిగి చూడండి. ఖాదిర్ అలీ బేగ్ పేరు మీద ఆయన కొడుకు మొహమ్మద్ అలీ బేగ్ నడుపుతున్న నాటక సంస్థ ఇప్పటికీ ఇక్కడే ఉంది. ఇక కోస్తా వైపు వెళ్తే, గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా వినిపించి 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన కథ చెప్పింది తెలుగులోనే.

ఇంట్లో అడిగేటప్పుడు "నాటకం వేస్తా" అని ఊరుకోకండి. కాగితం మీద రాసి చూపించండి: నాటకం పేరు, కథ రెండు ముక్కల్లో, గ్రూపు పేరు, డైరెక్టర్ పేరు, రిహార్సల్ ఎక్కడ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఎన్ని రోజులు, ఇంటికి ఎలా వస్తారు, షో ఏ తేదీన. కామర్స్ చదివిన బుర్ర కాబట్టి ఇంకో లైను కూడా కలుపుతాను, ఖర్చు. రానూపోనూ చార్జీని రిహార్సల్ రోజులతో గుణించి, చాయ్ డబ్బులు కలిపి కింద మొత్తం వేయండి. ఔత్సాహిక నాటక గ్రూపుల్లో చాలావాటిలో నటులకు డబ్బు రాదు, వచ్చినా దారి ఖర్చుకు సరిపోతే గొప్ప. ఆ సంగతి ముందే తెలిస్తే "ఇన్ని రోజులు తిరిగావు, ఏం వచ్చింది?" అన్న ప్రశ్న తర్వాత రాదు.

ఒక పని చేయొచ్చు. ఆడిషన్ కంటే ముందు అదే గ్రూపు వేసే ఏదైనా నాటకానికి అమ్మీని, అబ్బాను, కుదిరితే ఆపాను తీసుకెళ్లండి. బంజారాహిల్స్‌లోని లామకాన్, లక్డీకాపూల్ దగ్గరున్న రవీంద్రభారతి, విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి చోట్ల ప్రదర్శనలు జరుగుతుంటాయి. ఏ వాతావరణమో కళ్లతో చూశాక పెద్దల భయాల్లో సగం తగ్గుతాయి. తగ్గకపోతే వాళ్ల అభ్యంతరం నిజంగా దేని గురించో అప్పుడు తెలుస్తుంది.

ఎక్కడి ఆడిషన్‌కు ఏం అడుగుతారు

అన్ని ఆడిషన్లూ ఒకేలా ఉండవు. నగరంలోని ఇంగ్లిష్, హిందీ, ఉర్దూ గ్రూపులు సాధారణంగా సోషల్ మీడియాలో తేదీ ప్రకటించి పిలుస్తాయి. ఒక చిన్న మోనోలాగ్ అడుగుతారు, తర్వాత వాళ్ల స్క్రిప్టులోంచి ఒక పేజీ చదివిస్తారు. తెలుగు పరిషత్ నాటకాల దారి వేరు. అక్కడ ప్రకటన తక్కువ, పరిచయం ఎక్కువ. ఒకరు చెబితే ఇంకొకరు పిలుస్తారు. పద్య నాటకమైతే శ్రుతిలో పద్యం పాడగలగాలి, హార్మోనియం ముందు నిలబెట్టి రాగం తీయమంటారు. అది రాకుండా వెళ్లడం దండగ. సురభి వాళ్లది 1885 నుంచీ కుటుంబాలే నడుపుకొస్తున్న నాటక సమాజం. బయటివాళ్లను వరసలో నిలబెట్టి ఎంచుకునే పద్ధతి వాళ్ల సంప్రదాయంలో లేదు.

చదువుగా తీసుకోవాలనుకుంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ కింద థియేటర్ ఆర్ట్స్ పీజీ ఉంది. తెలుగు విశ్వవిద్యాలయంలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో కూడా రంగస్థల కళల విభాగాలున్నాయి. అన్నిటికంటే గట్టి పోటీ ఎన్‌ఎస్‌డీకి. 1959లో సంగీత నాటక అకాడమీ కింద మొదలై 1975లో స్వతంత్ర సంస్థ అయింది. అక్కడ మూడేళ్ల డిప్లొమా, చదువుకునే కాలంలో స్కాలర్‌షిప్ ఇస్తారు. ముందు ప్రాథమిక ఆడిషన్, అందులో నిలబడ్డవాళ్లకు ఢిల్లీలో కొన్ని రోజుల వర్క్‌షాప్, అక్కడ పాట, కదలిక, ఇంప్రొవైజేషన్, ఇంటర్వ్యూ అన్నీ ఉంటాయి. డిగ్రీ, అంతకుముందు నాటకాల్లో పనిచేసిన అనుభవం, హిందీ ఇంగ్లిష్‌లతో పరిచయం అడుగుతారు. ఉర్దూ ఇంటి పిల్లలకు ఈ చివరి షరతు భారం కాదు. దక్షిణాది వారి కోసం ఎన్‌ఎస్‌డీకి బెంగళూరులోనూ కేంద్రం ఉంది. వయసు, ఫీజు, తేదీలు ఏటా మారొచ్చు కాబట్టి ఆ ఏడు వచ్చిన ప్రకటననే మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదవండి. ఎవరో ఫార్వర్డ్ చేసిన పాత మెసేజ్ నమ్మి దరఖాస్తు పెట్టకండి.

చెప్పే ముక్క ఎలా ఎంచుకోవాలి

రెండు ముక్కలు తయారుగా ఉండాలి. ఒకటి బరువైనది, ఒకటి తేలికైనది. ఒక్కోటి రెండు నిమిషాలు దాటకూడదు. మీ వయసుకు, మీ ఒంటికి దగ్గరగా ఉండే పాత్ర తీసుకోండి. ఇరవై ఏళ్ల కుర్రాడు అరవై ఏళ్ల నవాబు గొంతు పెట్టి దగ్గుతూ చెబితే చూసేవాళ్లకు దగ్గే గుర్తుంటుంది.

సినిమా డైలాగ్ వద్దు. ఎంత బాగా చెప్పినా ప్యానల్ వాళ్లకు అసలు హీరోయే కనబడతాడు. నాటకంలోంచే తీసుకోండి, ఆ నాటకం మొత్తం చదవండి. "ఈ మాట అనే ముందు ఏం జరిగింది?" అని అడుగుతారు. చదవనివాళ్లు అక్కడే దొరికిపోతారు.

ఉర్దూ, హిందుస్తానీలో చెప్పేవాళ్లకు ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన 'అనార్కలీ' ఉంది. కానీ ఆ భాష నాలుక మీద బాగా తిరిగితేనే ముట్టుకోవాలి. హబీబ్ తన్వీర్ 1954లో చేసిన 'ఆగ్రా బజార్' తేలిక ముక్కకు చాలా బాగుంటుంది. అందులో దోసకాయలు అమ్ముకునేవాడికి బేరం కుదరదు. తన సరుకు మీద ఎవరైనా ఓ కవిత రాసిస్తే అమ్ముడుపోతుందని కవుల వెంట పడతాడు. నవ్వు, ఆకలి రెండూ ఉన్న పాత్ర. గిరీశ్ కర్నాడ్ కన్నడంలో రాసిన 'తుగ్లక్' హిందుస్తానీలో దొరుకుతుంది, బరువు ముక్కకు మంచిదే. అమ్మాయిలు విజయ్ టెండూల్కర్ 'శాంతతా! కోర్ట్ చాలూ ఆహే'లో లీలా బేణారే మాటలు ఎంచుకోవడం ఎక్కువ. నాటకం గొప్పదే, కానీ ప్యానల్ వాళ్లు లెక్కలేనన్ని సార్లు విని ఉంటారు. తెలుగులో 'కన్యాశుల్కం' గిరీశానికీ అదే గతి. గిరీశం చెప్పి మెప్పించాలంటే పాత గిరీశాలందరినీ దాటాలి. దానికి బదులు ఆత్రేయ 'ఎన్.జి.ఓ.'లో గుమాస్తా బతుకునో, 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన 'మా భూమి'లో ఏదైనా పాత్రనో చూడండి.

తెలుగు గ్రూపు ఆడిషన్‌కు వెళ్తున్నప్పుడు ఒక ముక్క తప్పకుండా తెలుగులోనే చెప్పండి. ఫారంలో మన పేరు చూడగానే "తెలుగు వస్తుందా?" అని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కడపలోనో ఒంగోలులోనో పుట్టి పెరిగినవాళ్లకు ఆ ప్రశ్న గుచ్చుకుంటుంది. కోపం తెచ్చుకోవడానికి హక్కుంది. కానీ ఆ రెండు నిమిషాలు తెలుగు గట్టిగా పలికితే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

తలఫ్ఫుజ్: మన బలం, మన బలహీనత

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి. నాటకంలో గొంతు కంటే ముందు పలుకు చూస్తారు, మన పిల్లలు గెలిచేదీ ఓడేదీ చాలాసార్లు ఇక్కడే.

హైదరాబాద్ ఇళ్లలో బడా కాఫ్ పలకాల్సిన చోట 'ఖ' వస్తుంది. కలమ్‌ను ఖలమ్ అంటాం, కిస్మత్‌ను ఖిస్మత్ అంటాం, కాజీ సాబ్‌ను ఖాజీ సాబ్ అంటాం. దక్నీ నాటకంలో ఇది వరం, నేర్పినా రాని సహజత్వం. అదే మొగల్ దర్బారు నాటకంలో శాహ్‌జాదా నోట వస్తే హాల్లో నవ్వులు పడతాయి. నక్కో, హౌ, కైకూ అనే మాటలు ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీయాలో తెలిసి ఉండాలి. మన యాస తప్పేమీ కాదు. రెండూ పలకగలిగినవాళ్లకు రెండు రకాల వేషాలూ దొరుకుతాయి, అంతే.

జిల్లాల్లో తెలుగు మీడియంలో చదివిన పిల్లల ఇబ్బంది ఇంకోటి. తెలుగు లిపిలో జీమ్‌కూ, జాల్‌కూ, జేకూ అన్నిటికీ ఒకే 'జ'. ఉర్దూ డైలాగు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పడితే ఏం జరుగుతుందో చూడండి. జీమ్‌తో రాసే జలీల్ అంటే గొప్పవాడు, జాల్‌తో రాసే జలీల్ అంటే అవమానం పాలైనవాడు. జీమ్‌తో రాజ్ అంటే పాలన, జేతో రాజ్ అంటే రహస్యం. సభలో "మీరు జలీల్ సాహెబ్" అని గౌరవంగా అనబోయి ఇంకోటి అనేస్తే నాటకం అక్కడే ఆగిపోతుంది. తెలుగు అక్షరాల్లో రాసుకున్నా సరే, తేడా ఉన్న ప్రతి 'జ' కింద ఎర్ర చుక్క పెట్టుకోండి. ఉర్దూ చదవడం వచ్చిన నానీ చేత ఒకసారి గట్టిగా చదివించుకుని ఫోన్లో రికార్డు చేసుకోండి, అంతకంటే మంచి టీచర్ దొరకరు.

తెలుగు పలికేటప్పుడు ఇదే తిరగబడుతుంది. ఉర్దూ ఇంటి నాలుకకు 'ళ', 'ణ' తిరగవు. కళ కాస్తా కల అవుతుంది, ప్రాణం కాస్తా ప్రానం అవుతుంది. "నా కళ్లు మండుతున్నాయి" అనాల్సిన చోట "నా కల్లు" అంటే ఏడుపు సీనులో జనం నవ్వుతారు. రోజూ పది నిమిషాలు తెలుగు పేపరు గట్టిగా చదవండి, 'ళ' వచ్చిన ప్రతిచోటా నాలుక మడిచి ఆగండి. నెల రోజులు చేస్తే తేడా మీకే వినబడుతుంది.

బలం గురించి కూడా చెప్పాలి. చిన్నప్పుడు తజ్వీద్‌తో ఖురాన్ చదవడం నేర్చుకున్న పిల్లలకు ప్రతి అక్షరం గొంతులో, నాలుకలో, పెదవుల్లో ఎక్కడ పుడుతుందో తెలుసు. మఖ్రజ్ అని నేర్పేది అదే. ఎక్కడ ఊపిరి ఆపాలి, ఎంతసేపు సాగదీయాలి అన్నది కూడా అలవాటై ఉంటుంది. నాటక పాఠశాలల్లో వాచికం పేరుతో నేర్పించే దానిలో చాలాభాగం మీ దగ్గర ముందే ఉందన్నమాట. ఒక్క జాగ్రత్త. నాత్‌లు చదివి, బైత్‌బాజీల్లో, ముషాయిరాల్లో షేర్లు చెప్పి అలవాటైనవాళ్లకు మాట తెలియకుండానే తరన్నుమ్‌లోకి జారుతుంది. ప్రతి వాక్యం చివర గొంతు లేస్తుంది, వాహ్ వాహ్ కోసం ఆగినట్టు ఆగుతుంది. నాటకంలో మీ ముందున్నది ముషాయిరా జనం కాదు, ఎదుటి పాత్ర. అమ్మీతో గొడవ పడేటప్పుడు మీ గొంతు ఎలా ఉంటుందో అదే గొంతు కావాలి.

గదిలోకి వెళ్లాక

అరగంట ముందు చేరండి. బయట వరసలో కూర్చున్నప్పటి నుంచే ఆడిషన్ మొదలైనట్టు లెక్క. పేర్లు రాసుకునే వాలంటీరుతో విసుగ్గా మాట్లాడినవాళ్ల సంగతి లోపలికి చేరుతుంది. తల్లిదండ్రులు తోడు రావచ్చు, బయట కూర్చోవచ్చు. డైరెక్టర్ అడిగిన ప్రశ్నకు పిల్ల బదులు అబ్బా జవాబు చెబితే మాత్రం పని చెడుతుంది. తోడు వచ్చినవాళ్లు చాయ్ తాగి రావడం ఉత్తమం.

లోపలికి వెళ్లగానే సలామో నమస్తేయో మీకు సహజంగా వచ్చేది చెప్పండి. పేరు, ఊరు, ఏ నాటకం, ఏ పాత్ర. అంతే. "గొంతు బాగాలేదు సార్, నిన్నటి నుంచి జలుబు", "పెద్దగా ప్రాక్టీస్ చేయలేదు" లాంటి మాటలు వద్దు. అవి విన్నాక ఎవరూ మార్కులు కలపరు, తీసేయడానికి కారణం వెతుక్కుంటారు.

చెప్పేటప్పుడు ప్యానల్ వాళ్ల కళ్లలోకి చూడకండి. వాళ్లను పాత్రలుగా చేసుకుంటే వాళ్లకు ఇబ్బంది, రాసుకోవడానికి కూడా కుదరదు. వాళ్ల తలల మీదుగా, కొంచెం వెనక గోడ మీద ఒక చోటు చూసుకుని ఎదుటి పాత్రను అక్కడ నిలబెట్టండి. కత్తి, కర్ర, కాగితాలు వద్దు. కుర్చీ ఒక్కటి అడగొచ్చు. మధ్యలో మరిచిపోతే ఊపిరి తీసుకుని గుర్తొచ్చిన దగ్గర నుంచి సాగండి. అసలే తోచకపోతే "మొదటి నుంచి చెప్పనా?" అని ఒక్కసారి అడగండి, కాదనేవాళ్లు తక్కువ. అయిపోయాక రెండు క్షణాలు అలాగే నిలబడి, అప్పుడు పాత్రలోంచి బయటికి రండి. "ఎలా ఉంది సార్?" అని అడగకూడదు.

ఆ తర్వాత వచ్చేదే అసలు పరీక్ష. డైరెక్టర్ అంటాడు, "బాగుంది. ఇప్పుడు ఇదే ముక్క పక్క గదిలో బిడ్డ నిద్రపోతోంది, లేవకూడదు అన్నట్టు చెప్పు." లేదా "డబ్బులు లెక్కపెట్టుకుంటూ చెప్పు." చాలామంది ఇది విని, తాము చెప్పింది తప్పనుకుని మొహం చిన్నబుచ్చుకుంటారు. నిజానికి నచ్చనివాళ్లకు ఎవరూ రెండోసారి అవకాశం ఇవ్వరు. మీరు చెప్పింది విని మార్చుకోగలరా లేదా అన్నది చూస్తున్నారు. "నేను అలా అనుకోలేదు సార్, నా ఉద్దేశం ఏంటంటే" అని వాదనకు దిగొద్దు. అర్థం కాకపోతే ఒక ప్రశ్న అడిగి, వెంటనే చేయండి. తప్పుగా చేసినా ఫర్వాలేదు, తేడాగా చేయాలి. మొదటిసారి చెప్పినట్టే రెండోసారీ చెబితే అక్కడితో అయిపోయినట్టే. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడే తమ్ముడితోనో స్నేహితురాలితోనో ఇలాంటి ఆటలు ఆడండి, అదే ముక్కను కోపంగా, గుసగుసగా, నవ్వాపుకుంటూ, అన్నం కలుపుకుంటూ చెప్పి చూడండి.

స్క్రిప్టు చేతికిచ్చి చదవమంటే ముందు మొత్తం ఒకసారి కళ్లతో చదువుకోండి. పలకడం తెలియని మాట ఉంటే అడగండి. కాగితం ఛాతీ ఎత్తులో పట్టుకుని, లైను దగ్గర బొటనవేలు పెట్టుకుంటే తల పైకెత్తి ఎదుటివాళ్లను చూడొచ్చు. ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు మీ తర్వాతి లైను వెతుక్కోకుండా వినండి. మీరు వింటున్నారా లేదా అన్నది మీ మొహంలో తెలిసిపోతుంది. ఇంప్రొవైజేషన్‌లో కూడా అంతే, ఎదుటివాడు "డాక్టర్ సాబ్" అని పిలిస్తే మీరు డాక్టరే. "నేను డాక్టర్ని కాదు" అంటే సీను చచ్చిపోతుంది.

దుస్తులు, హద్దులు, నమాజ్, రోజా

పాత్ర వేషంలో వెళ్లకండి. ఒకే రంగు కుర్తా, సల్వార్, కదలడానికి వీలుగా, కూర్చున్నా వంగినా సర్దుకోవాల్సిన పని లేకుండా ఉంటే చాలు. హిజాబ్ వేసుకునేవాళ్లు బాగా పిన్ను పెట్టుకున్న చిన్న స్కార్ఫ్‌తో వెళ్తే కదలికకు అడ్డం రాదు. చాలాచోట్ల చెప్పులు విప్పి స్టేజీ ఎక్కాలి. నఖాబ్ తీయనివాళ్లకు స్టేజీ కష్టం, అక్కడ మొహమే సగం మాట్లాడుతుంది కాబట్టి. వాళ్లకు గొంతుతో నటించే దారి ఉంది. ఆకాశవాణి డ్రామా ఆర్టిస్టుల కోసం స్వర పరీక్షలు పెట్టి గ్రేడ్లు ఇస్తుంది. హైదరాబాద్ కేంద్రంలో 'నైరంగ్' పేరుతో ఉర్దూ కార్యక్రమాలూ ఉన్నాయి. దాన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

మీ హద్దులేమిటో ఫారంలోనో, మాట్లాడేటప్పుడో ముందే చెప్పండి. "స్కార్ఫ్ తీయను", "ఎదుటివాళ్లను కౌగిలించుకునే సీను చేయను", "తాగినట్టు నటిస్తాను కానీ ఫలానా మాట అనను" ఏదైనా సరే. మర్యాదగా, ఒక వాక్యంలో, సంజాయిషీ లేకుండా. చేతులు కలపనివాళ్లు గుండె మీద చెయ్యి పెట్టి సలాం చేస్తే ఎవరూ తప్పు పట్టరు. వర్క్‌షాప్‌లలో ఒకరి భుజం మీద ఒకరు చేతులు వేసే వ్యాయామాలుంటాయి, అప్పటికప్పుడు వెనక్కి లాక్కుంటే అందరికీ ఇబ్బంది. ముందే చెబితే జోడీ మారుస్తారు. హద్దుల వల్ల కొన్ని వేషాలు పోతాయి, ఆ మాట దాచడం లేదు. కానీ ముందు చెప్పి పోగొట్టుకున్న వేషం కంటే మధ్యలో వదిలేసిన వేషం ఎక్కువ చేటు చేస్తుంది.

ఇంకో రకం హద్దు కూడా ఉంది. పేరు చూసి కసాయివాడో, ఖవ్వాలో, బాంబులు పెట్టేవాడో అనే పాత్రలే ఇస్తుంటే "ఇంకో పాత్రకు చదివి చూపించనా?" అని అడగండి. అడగడంలో తప్పు లేదు. స్క్రిప్టు మొత్తం చదివాక ఆ పాత్ర మనిషిలా ఉందా, బొమ్మలా ఉందా అన్నది మీరే చూసుకుని ఒప్పుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం స్లాటు ఇస్తే జుమా సంగతి చెప్పి మార్పు అడగండి, సాధారణంగా మారుస్తారు. రంజాన్‌లో అయితే పొద్దున స్లాటు అడగడం మంచిది, మధ్యాహ్నం దాటాక నోరెండి పలుకు తడబడుతుంది. ముందురోజు రాత్రి గట్టిగా అరిచి ప్రాక్టీస్ చేయొద్దు. వెళ్లే ముందు పెదవులు మూసి ఐదు నిమిషాలు సన్నగా గొంతు పలికించుకుంటే చాలు. మాటిమాటికీ గొంతు సవరించుకుంటే ఇంకా బొంగురుపోతుంది.

డబ్బు అడిగితే, ఒంటరిగా రమ్మంటే

వర్క్‌షాపుకు ఫీజు ఉండొచ్చు, కోర్సు దరఖాస్తుకు ఫీజు ఉంటుంది. వేషం ఇవ్వడానికి డబ్బు అడిగితే అది మోసం. "రిజిస్ట్రేషన్", "పోర్ట్‌ఫోలియో", "కాస్ట్యూమ్ అడ్వాన్స్" ఏ పేరు పెట్టినా అంతే. నాటకం ఆడిషన్ హోటల్ గదిలో జరగదు, రాత్రి పదింటికి జరగదు, ఒక్కరే డైరెక్టర్, ఒక్కరే అమ్మాయి ఉన్న మూసిన గదిలో జరగదు. ఫోన్లో "ఫుల్ ఫోటోలు పంపు" అంటే నాటకానికి వాటి అవసరం లేదని గుర్తుంచుకోండి. అబ్బాయిల తల్లిదండ్రులు కూడా ఈ మాటలు చదవాలి, ఇలాంటివి వాళ్లకూ జరుగుతాయి.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013లో వచ్చింది. జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కూడా దాని కిందికి వస్తారు. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట్ల ఫిర్యాదుల కోసం జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉండాలి. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి, ఎక్కడైనా 112కు, మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయొచ్చు. పిల్ల ఇంటికొచ్చి ఏదైనా చెబితే "అందుకే వద్దన్నాం" అనే మాట ఆ రోజుకు మింగేయండి. ఆ మాట భయంతోనే పిల్లలు చెప్పకుండా దాచుకుంటారు.

ఫలితం వచ్చాక

ఎంపికైతే ఆ రోజే ఒప్పుకున్నట్టు మెసేజ్ పెట్టండి, పరీక్షల తేదీలు, ఇంట్లో పెళ్లిళ్లు ఉంటే అప్పుడే చెప్పండి. ఎంపిక కాకపోతే చాలా గ్రూపులు ఏ కబురూ పెట్టవు. అది పద్ధతి కాదు, కానీ అలవాటు. వారం దాటాక ఒకసారి మర్యాదగా అడగొచ్చు, "ఎందుకు తీసుకోలేదు" అని కాదు, "నేను దేనిమీద పనిచేయాలి?" అని. జవాబు వస్తే రాసిపెట్టుకోండి. వేషం రాకపోవడానికి ఎత్తు సరిపోకపోవడం, ఎదుటి పాత్రతో వయసు కుదరకపోవడం లాంటి కారణాలు చాలాసార్లు ఉంటాయి, నటనతో వాటికి సంబంధమే ఉండదు.

వేషం రాలేదని ఆ గ్రూపును వదిలేయకండి. లైట్లు, సౌండ్, సెట్టు మోయడం, ప్రాంప్టింగ్, టికెట్ల దగ్గర కూర్చోవడం, వీటన్నిటికీ ఎప్పుడూ మనుషులు తక్కువే ఉంటారు. మొదటి నాటకానికి అలా వెళ్లినవాళ్లు నెలరోజులు రిహార్సల్ చూస్తారు, ఎవరైనా రాని రోజు వాళ్ల లైన్లు చదవమంటారు. ఇంట్లోవాళ్లకు కూడా "వెనక పని" అంటే ఒప్పుకోవడం కొంచెం తేలిక. తర్వాతి నాటకం ఏది, ఆడిషన్ ఎప్పుడు అన్నది కూడా ప్రకటన రాకముందే వాళ్లకు తెలిసిపోతుంది.